మొలతాడుకి కట్టిన కంప్యూటరు

అనకాపల్లి గవరపాలెంలో అద్దెకుంటున్న దేవీప్రసాద్‌కి ఒక సొంత కంప్యూటరు ఉంది. అది బల్ల మీద ఉండదు, సంచిలో ఉండదు, మొలతాడుకి ఉంటుంది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. బొటనవేలంత పెన్‌డ్రైవ్, దానికో చిన్న రింగు, ఆ రింగు మొలతాడుకి. పక్కనే బీరువా తాళం. ఆయన ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా ముందు గోడవైపు తిరిగి, చొక్కా కాస్త పైకెత్తి, ఆ డ్రైవు ఊడదీసి, మళ్ళీ ఇటు తిరిగి పని మొదలుపెడతాడు. తెలియనివాళ్ళు కంగారుపడతారు. తెలిసినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే మొహం తిప్పుకుంటారు.

మనిషికి నలభై ఏడేళ్ళు. ఉద్యోగం కంప్యూటర్ ఆపరేటరు, పర్మనెంటు కాదు, అవుట్‌సోర్సింగు. ఈ ఏడు ఒక ఆఫీసు, వచ్చే ఏడు ఇంకో ఆఫీసు. ఎక్కడికి వెళ్ళినా కంప్యూటరు ఇస్తారు గానీ దాని మీద అధికారం ఇవ్వరు. తెలుగులో ఉత్తరం కొట్టమంటారు, తెలుగు కీబోర్డు ఉండదు. ఫొటో సైజు తగ్గించమంటారు, తగ్గించే సాఫ్ట్‌వేరు ఉండదు. పోనీ ఎక్కిద్దామంటే మీకు అనుమతి లేదని తెర మీద పడుతుంది. మొదట్లో ఈయన కూడా అందరిలాగే పైవాళ్ళకి అర్జీ పెట్టి, అది కదిలేదాకా చేతులు కట్టుకుని కూర్చునేవాడు. తరవాతెప్పుడో, అసలు ఎక్కించనక్కరలేని సాఫ్ట్‌వేర్లు ఉంటాయని తెలిసింది. పోర్టబుల్ అంటారు వాటిని. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఏ కంప్యూటరుకి గుచ్చితే అక్కడ పనిచేస్తాయి, తీసేస్తే వెంట వచ్చేస్తాయి, వెనకాల ఏమీ మిగల్చవు. పెళ్ళైనప్పటి నుంచీ అద్దె ఇళ్ళలోనే ఉన్నవాడికి ఈ సంగతి ఇట్టే ఎక్కింది. గోడకి మేకు కొట్టకుండా కాపురం చెయ్యడమే కదా ఇది, అనుకున్నాడు.

ఆఫీసు కంప్యూటరుకి పెన్‌డ్రైవ్ గుచ్చడం తప్పు కాదా అని మీలో ఎవరైనా అడగొచ్చు. ఆయనా అదే అడుగుతాడు, అందరికంటే ముందు. ప్రతి కొత్త ఆఫీసులోనూ మొదటి రోజే కాగితం రాసి, పై అధికారి సంతకం పెడితేనే గుచ్చుతాడు. పెట్టకపోతే లేదు. ఈ చాదస్తానికి ఆఫీసుల్లో ఆయనకి పెట్టని పేరు లేదు.

ఇక ఆ డ్రైవులో ఏముందో చెబితే, ఒక సంసారమే ఉంది. వెబ్‌సైట్లు చూసే బ్రౌజరు, ఉత్తరాలు రాసేది, తెలుగు కీబోర్డు, ఫొటోలు చిన్నవి చేసేది, విడి కాగితాలన్నీ ఒక్క ఫైలుగా కుట్టేది, ఇంకా బోలెడు. అన్నీ ఊరికే దొరికినవే. ఎవరో, ఏ దేశంలోనో, పగలంతా ఉద్యోగం చేసుకుని, మిగిలిన తీరికలో కూర్చుని రాసి, తీసుకోండర్రా అని లోకానికి వదిలేసినవి. ఈ సంగతి దేవీప్రసాద్‌ని ఎప్పుడూ కుదురుగా ఉండనివ్వదు. మొహం తెలియని మనిషి నాకెందుకు ఇచ్చాడు అని ఆలోచిస్తాడు. జవాబు దొరకదు. అందుకని ఏటా ఉగాదినాడు, పచ్చడి తినగానే, డిక్షనరీ పక్కన పెట్టుకుని వాళ్ళందరికీ ఇంగ్లీషులో తలో ఉత్తరం రాస్తాడు. "నేను అనకాపల్లి అనే ఊళ్ళో ఉంటాను. మా ఊరు బెల్లానికి ప్రసిద్ధి. మీ ప్రోగ్రాంతో ఈ ఏడు ముప్పై ఒక్క మంది పిల్లల ఫొటోలు చిన్నవి చేశాను. మీరూ మీ పిల్లలూ చల్లగా ఉండాలి." చాలామంది పలకరు. ఒకాయన మాత్రం ఒకసారి జవాబిచ్చి, బెల్లం అంటే ఏమిటి అని అడిగాడు. ఇంకేముంది, చెరకు నరికిన దగ్గర నుంచి దిమ్మ కట్టేదాకా నాలుగు పేజీలు వెళ్ళింది ఇక్కడి నుంచి. ఆ తరవాత ఆయన మళ్ళీ ఏమీ అడగలేదు.

సాయంత్రాలు ఆరు నుంచి ఎనిమిది దాకా దేవీప్రసాద్ ఉండేది అబ్దుల్ సత్తార్ జిరాక్స్ షాపులో. సత్తార్ ఆయనకి పాతికేళ్ళ స్నేహితుడు. మిషన్లు సత్తార్‌వి, ఓపిక ఈయనది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పిల్లలు, ముసలివాళ్ళు దరఖాస్తులు పట్టుకుని వస్తారు. స్కాలర్‌షిప్పులు, పింఛన్లు, పరీక్షలు, కౌన్సెలింగులు. ఏది నింపాలన్నా ముందు పాస్‌వర్డ్ కావాలి. అక్కడ వచ్చేది తంటా.

పాస్‌వర్డ్ రహస్యమని మనవాళ్ళకి చెప్పి ఒప్పించడం బ్రహ్మతరం కాదు. పదిమంది నిలబడి ఉండగా ఏం పెట్టమంటారని మెల్లగా అడుగుతాడా, అటు నుంచి రోడ్డు దాకా వినబడేలా జవాబు వస్తుంది.

"నూకాలమ్మ తల్లి పేరెట్టు బాబూ. సివర ఒకటి రెండు మూడు."

వెనకాల నిలబడ్డాయన అందుకుంటాడు. "మాకూ అదే ఎట్టీ బాబూ. మంచి పేరు."

దేవీప్రసాద్ తల పట్టుకుని, అప్పుడు ఉపన్యాసం మొదలుపెడతాడు. "అలా కాదండీ. మీ ఇంట్లో మీరు మాత్రమే అనుకునే మాట ఏదైనా ఆలోచించండి. పొడుగ్గా ఉండాలి. ఏ పుస్తకంలోనూ దొరక్కూడదు." వాళ్ళు మర్యాదగా విని, తల ఊపి, మళ్ళీ నూకాలమ్మ దగ్గరికే వస్తారు. చివరికి ఆయనే ఏదో పొడుగాటిది తయారుచేసి, చీటీ మీద రాసి వాళ్ళ చేతికిస్తాడు. చీటీ పోతుందేమో, ఒక నకలు మీ దగ్గర ఉంచండి బాబూ అని అడిగినవాళ్ళవి మాత్రం పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాస్‌వర్డ్ల పెట్టెలో దాస్తాడు. ఆ పెట్టె కూడా ఒక పోర్టబుల్ సాఫ్ట్‌వేరే. దానికి ఒక్కటే తాళం, ఒక్క పెద్ద పాస్‌వర్డ్. అది ఎక్కడా రాసి లేదు. భార్య ఇందుకి కూడా తెలియదు. ఆయన అది కొట్టేటప్పుడు ఆవిడ కూడా అటు తిరగాల్సిందే. మీకేదైనా అయితే ఎలాగండీ అని ఆవిడ ఒకసారి అడిగింది. కవర్లో రాసి సీలు వేసి ఇస్తానన్నాడు. ఇచ్చాడా? ఇవ్వలేదు. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పేవాడి ఇంట్లో ఇదీ వరస.

ఈయన మాట గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. దేవీప్రసాద్ పుట్టింది కె. కోటపాడు దగ్గర పల్లెలో. ఇరవై ఏళ్ళప్పుడు కంప్యూటర్ కోర్సుకి విశాఖపట్నం వెళ్ళాడు. అక్కడ మాస్టారు ఏం చేస్తున్నావోయ్ అని అడిగితే, "పోగ్రాం రాత్తన్నాను సార్" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. పగలబడి నవ్వినవాళ్ళలో సగంమంది ఇళ్ళల్లో అదే భాష, అయినా నవ్వారు. ఆ రోజు నుంచి ఈయన రేడియోలో వార్తలు చదివేవాళ్ళలా మాట్లాడటం నేర్చుకున్నాడు. ఆఫీసులోనూ అదే, సత్తార్ షాపులోనూ అదే, ఇంట్లోనూ అదే. తల్లి పేరు చిన్నమ్మలు. ఆవిడ దీనికేమీ బాధపడలేదు సరికదా, మురిసిపోయేది. "మా పెసాదు మాటాడితే రేడియో ఇన్నట్టే ఉంటాది" అని వీధంతా చెప్పుకునేది. ఆవిడ పోయి ఏడేళ్ళయింది.

ఈ శ్రావణమాసంలో, పెరట్లో నాచు పట్టిన గచ్చు మీద జారి, దేవీప్రసాద్ కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. వేళ్ళ దగ్గర నుంచి మోచేతి దాకా సిమెంటు కట్టు, ఆరు వారాల విశ్రాంతి. పది రోజులు ఇంట్లో కూర్చుని, పెన్‌డ్రైవ్ ముట్టుకోకుండా, చేసేదేమీ లేక ఇందు ఓపిక పరీక్షించాడు. పదకొండో రోజు పొద్దున్న పది గంటలకి మునగపాక నుంచి పరదేశి, కూతురు లావణ్యని వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

పరదేశికి ఎకరంన్నర పొలం ఉంది, సగం చెరకు, సగం వరి. లావణ్య ఇంటర్ మంచి మార్కులతో పాసై, నర్సింగ్ కోర్సుకి పరీక్ష రాసి, ర్యాంకు తెచ్చుకుంది. కౌన్సెలింగుకి పేరు నమోదు చేసిందీ, పాస్‌వర్డ్ తయారుచేసి ఇచ్చిందీ దేవీప్రసాదే. ఇక మిగిలింది ఏ కాలేజీలు కావాలో వరసగా ఎంచుకోవడం.

"ఇయ్యాల ఆకరి తేదీ బాబూ. సాయంత్రం అయిదింటి దాకానంట. అందుకే వచ్చేం" అన్నాడు పరదేశి.

"పది రోజుల నుంచి తెరిచే ఉంది కదండీ. ఇన్ని రోజులూ ఏం చేశారు?"

"ఆకరి తేదీ అంటే ఆ రోజే రమ్మన్నారనుకున్నాం. ముందుగా వత్తే తీసుకోరేమోనని."

లావణ్య నేల చూపులు చూస్తూ నిలబడింది. నాన్నకి నాలుగుసార్లు చెప్పింది ఆ పిల్ల. నాలుగుసార్లూ వరి ఊడ్పులు అడ్డం వచ్చాయి.

చీటీ ఏదమ్మా అని అడిగితే, ఫోను కవరు వెనక నుంచి మెల్లగా తీసిచ్చింది. వానకి తడిసి, ఇంకు కారి, కాగితం నిండా నీలం మరక తప్ప ఒక్క అక్షరం లేదు. పోనీ కొత్త పాస్‌వర్డ్ తెప్పిద్దామంటే, ఓటీపీ వచ్చేది పరదేశి పాత నంబరుకి. ఆ ఫోను ఊడ్పులప్పుడు బురదలో పడి, మళ్ళీ కనపడలేదు. కొత్త ఫోనుతో కొత్త నంబరు తీసుకున్నాడాయన.

"ఏం పరవాలేదు. నా దగ్గర నకలుంది" అన్నాడు దేవీప్రసాద్ నిబ్బరంగా. ఆ నిబ్బరం చూసి తండ్రీ కూతుళ్ళిద్దరికీ ప్రాణం కుదుటపడింది. ఎడంచేత్తో మొలతాడు ముడి ఊడదీసుకోవడం చేతకాక, ఇందుని లోపలికి పిలిచి ఆ పని చేయించుకున్నాడు. ఆవిడ నవ్వుతూ డ్రైవు ఆయన జేబులో వేసి, తను పనిచేసే అంగన్‌వాడీకి వెళ్ళిపోయింది. ఇంట్లో పాత కంప్యూటరు పోయిన నెలే చచ్చింది కనక, వీళ్ళు ముగ్గురూ ఆటో ఎక్కి సత్తార్ షాపుకి చేరారు.

డ్రైవు గుచ్చాడు. పెట్టె తెరిచాడు. పాస్‌వర్డ్ అడిగింది. సత్తార్, పరదేశి, లావణ్య ముగ్గురూ అటు తిరిగారు. దేవీప్రసాద్ ఎడంచెయ్యి కీబోర్డు మీద పెట్టాడు, అంతే, అక్కడే ఆగిపోయింది.

ఏం కొట్టాలో తెలియలేదు. మాట తెలుసు. తల్లి పోయిన కొత్తల్లో, ఆవిడ రోజూ అడిగే మాటనే తాళంగా పెట్టుకున్నాడు. తెలుగు మాటే, ఇంగ్లీషు అక్షరాలతో. మధ్యలో ఖాళీలు లేకుండా పొడుగ్గా. ఏడేళ్ళుగా రోజూ కొడుతున్నాడు. కానీ కొడుతున్నది పది వేళ్ళు, ఆయన కాదు. మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ముందేశామో మనకి తెలుస్తుందా? అలాగే ఏ అక్షరం తరవాత ఏ అక్షరమో ఆయనకి ఎప్పుడూ తెలియాల్సిన పని పడలేదు. ఇప్పుడు కుడిచెయ్యి సిమెంటులో ఉంది. ఎడంచెయ్యి ఒక్కటీ బిక్కమొహం వేసింది.

సరే, చదువుకున్నవాడు కదా, ఆలోచించి కొట్టాడు. ఏం చేస్తున్నావు ప్రసాదా, అన్నం తిన్నావా. చేస్తున్నావు అంటే సి, హెచ్, ఇ, ఎస్, టి. తెర తెల్లబోయి ఆలోచించింది. ఆలోచించీ ఆలోచించీ తప్పు అంది. టి తరవాత హెచ్ పెట్టి చూశాడు. తప్పు. వు బదులు ఒట్టి వి. తప్పు.

ఒక్కో ప్రయత్నానికి నిమిషం పైన పడుతోంది. అదేమీ లోపం కాదు. ఎవడైనా దొంగ కూర్చుని వరసపెట్టి ప్రయత్నించకుండా, ఒక్కోసారి అంతంత సేపు పట్టేలా తనే బిగించుకున్నాడు. మామూలు కంప్యూటరు మీద కొన్ని సెకన్లు, సత్తార్ ముసలి కంప్యూటరు మీద నిమిషం.

"దొంగ కోసం పెట్టావ్ భాయ్, దొరికింది నువ్వు" అన్నాడు సత్తార్. మామూలు రోజయితే ఇద్దరూ నవ్వుకునేవారు. దేవీప్రసాద్ మొహం చూసి సత్తార్ నవ్వు ఆపేసి, ఫోను తీసి కౌన్సెలింగు వాళ్ళ హెల్ప్‌లైను నంబరు కొట్టడం మొదలుపెట్టాడు. అది బిజీ. మళ్ళీ బిజీ. ఆఖరి రోజు, రాష్ట్రంలో ఎంతమంది నాన్నలో అదే నంబరు కొడుతున్నారు మరి.

పన్నెండయింది. దేవీప్రసాద్ ఒక కాగితం మీద ఎడంచేతి కోడిగీతలతో లెక్క వేశాడు. ఒక్క చేస్తున్నావుకే ఎనిమిది రకాల స్పెల్లింగు. ప్రసాదాకి నాలుగు. తిన్నావాకి ఆరు. అన్నీ కలిపి హెచ్చవేస్తే రెండు వందలకి ఎనిమిది తక్కువ. అయిదింటికి ఇంకా మూడు వందల నిమిషాలు. ఒంటిచేత్తో ఒక్కోటి కొట్టడానికే నిమిషం, తెర జవాబు చెప్పడానికి ఇంకో నిమిషం. ఒంటి గంటయ్యేసరికి పాతిక కొట్టాడు. పాతికా తప్పే. చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది.

పరదేశి ఒక్క నిష్ఠూరం మాట అనలేదు. అంటే బాగుండేది. "మీరు కంగారు పడకండి సారూ. సెయ్యి బాగోనప్పుడు మేం వచ్చేం, తప్పు మాదే" అన్నాడు. ఆ మాటకి దేవీప్రసాద్ తల ఎత్తకుండా ఇరవై ఆరోది కొట్టడం మొదలుపెట్టాడు.

లావణ్య దగ్గరికొచ్చి మెల్లగా అంది. "రాకపోయినా పరవాలేదు సార్. మా అక్కతోపాటు కంపెనీ బస్సెక్కి పనికి వెళ్ళిపోతాను. అక్కడ ఎప్పుడూ తీసుకుంటారు."

పదిహేడేళ్ళ పిల్ల. తాను బాధపడితే ఎదుటివాడు బాధపడతాడని లోపలికి మింగేసుకుని, ఎదుటివాణ్ణి ఓదారుస్తోంది. ఇంతకంటే నర్సుకి కావలసిందేమిటి? దేవీప్రసాద్‌కి తన మీద తనకే ఒళ్ళు మండింది. ఇంత గట్టి పెట్టె, ఇంత గట్టి తాళం, లోకంలో ఎవడూ పగలగొట్టలేడని ఎన్నిసార్లు గొప్పలు పోయాడు! నిజమే, ఎవడూ పగలగొట్టలేడు. ఈ పిల్ల సీటు ఆ లోపలే ఉండిపోతుంది. నన్ను నమ్మి ఇచ్చినవాళ్ళకి నేనిచ్చేది ఇదా అనుకున్నాడు.

ఒంటిగంటన్నరకి ఇందు క్యారియర్ పట్టుకుని వచ్చింది. మొగుడి మొహం చూడగానే ఏదో జరిగిందని అర్థమైంది. సత్తార్ నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆవిడ క్యారియర్ గిన్నె తీసి, అన్నం కలిపి, చెంచా గుచ్చి ముందు పెట్టింది. ఆయన పక్కకి నెట్టేశాడు.

"తినకపోతే గుర్తొస్తుందా? తినండి. ఇంతకీ ఆ మాట ఏమిటో నాకు చెప్పకూడదా? మీ రూలు మీదే, కాదనను. కానీ ఇవాళ ఆ పిల్ల మొహం చూడండి."

ఏడేళ్ళుగా ఎవరికీ చెప్పనిది. దేవీప్రసాద్ తల వంచుకుని, ఆవిడకి మాత్రమే వినబడేలా చెప్పాడు. "అమ్మ అడిగేది. ఏం చేస్తున్నావు ప్రసాదా, అన్నం తిన్నావా, అని."

ఇందు ఆయన వంక వింతగా చూసింది.

"అత్తయ్య అలా ఎప్పుడు అడిగిందండీ?"

"రోజూ అడిగేది. నీకు తెలియదా?"

"నాకు తెలియకేం. ఆవిడకి ఆఖరి నాలుగేళ్ళూ చేసింది నేనే. ఆవిడ నోట చేస్తున్నావు అన్న మాట నేనెప్పుడూ వినలేదు. ప్రసాదా అని పిలవడం అంతకన్నా వినలేదు." ఆవిడ ఇంకాస్త దగ్గరికి వంగింది. "మీరు కూడా అలా అనరు. పొద్దున్నే ఇది తెరిచేటప్పుడు గొణుగుతారు చూడండి, అప్పుడు."

"నేను గొణుగుతానా?"

"రోజూ. మొహం తిప్పుకోమన్నారు, తిప్పుకున్నాను. చెవులు తిప్పుకోవడం నాకు రాదు."

ఇందు ఆయన ఎడంచెయ్యి తీసి కీబోర్డు మీద పెట్టింది. తరవాత చెవి దగ్గరికి వంగి, అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడి ఎలా అడిగేదో అలాగే, అదే సాగదీతతో, అదే యాసతో, నెమ్మదిగా అంది.

"ఏటి సేత్తన్నావు పెసాదా... అన్నం తిన్నావేటి?"

ఇ, టి, ఐ. తరవాత ఎస్, ఇ, టి, టి. ఒంటిచెయ్యి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ వెళ్ళింది. పెసాదాలో ఆర్ లేదు. ఉండదు, అమ్మకి పలకదు కదా. తిన్నావేటి దగ్గరికి వచ్చేసరికి కళ్ళ ముందు కీబోర్డు మసకబారింది. అయినా చెయ్యి ఆగలేదు. ఊరందరికీ పుస్తకాల్లో దొరకని మాట పెట్టుకోమని చెప్పినవాడు తన మాట కోసం పొద్దున్నుంచీ పుస్తకాల్లో వెతికాడు.

ఎంటర్ నొక్కాడు. తెర ఆలోచించింది. ఆ నిమిషమంతా సత్తార్ ఫోనులో బిజీ టోను ఒక్కటే కూస్తోంది.

పెట్టె తెరుచుకుంది.

లావణ్య పేరు, మునగపాక, పక్కన పాస్‌వర్డ్, అన్నీ ఎక్కడివక్కడ పదిలంగా ఉన్నాయి. దేవీప్రసాద్ ఆ అమ్మాయికి కుర్చీ ఇచ్చి, లేచి, జిరాక్స్ మిషను వెనక్కి వెళ్ళి కాసేపు నిలబడ్డాడు. ఏడుస్తున్నాడని అందరికీ తెలుసు. ఎవరూ అటు చూడలేదు. ఎవరికి దణ్ణం పెట్టాలో ఆయనకి తెలియలేదు. పోయిన అమ్మకా, వినకూడదన్నా విన్న పెళ్ళానికా, ఈ పెట్టె రాసి ఊరికే ఇచ్చేసిన ఆ మొహం తెలియని మహానుభావుడికా? అందరికీ పెట్టాడు, మనసులోనే. క్లాసులో నవ్వినవాళ్ళకి భయపడి నోట్లోంచి తరిమేసిన మాట, ఎవరూ చూడని చోట ఏడేళ్ళుగా తన దగ్గరే ఉంది. తను మర్చిపోయినా, వేళ్ళు మర్చిపోలేదు. ఇందు మర్చిపోలేదు.

లావణ్య చురుకైన పిల్ల. ఏ కాలేజీ ఎక్కడుందో, దేనికి హాస్టలుందో ముందే రాసి పెట్టుకుంది. మూడింటికల్లా పద్దెనిమిది కాలేజీలు వరసగా పెట్టి, రెండుసార్లు సరిచూసుకుని, సేవ్ కొట్టింది. మీ ఎంపికలు నమోదయ్యాయి అని తెర మీద పచ్చగా పడింది. సత్తార్ ఆ ఎంపికల కాగితం రెండు కాపీలు ప్రింటు తీసి, ఒకదానికి ప్లాస్టిక్ కవరు తొడిగి ఆ పిల్ల చేతికిచ్చాడు.

"ఇది తడవదు బేటీ" అన్నాడు.

పరదేశి ఆ కాగితాన్ని రెండు చేతులా పుచ్చుకుని చాలాసేపు చూశాడు. చదవడం రాదు, అయినా చూశాడు. తరవాత దేవీప్రసాద్ దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే కాస్త దూరంలో, కాస్త వంగి నిలబడ్డాడు.

"పొద్దున్నుంచీ రానిది ఇప్పుడెలాగొచ్చింది సారూ? ఏటైంది?"

దేవీప్రసాద్ నోరు తెరిచాడు. ఎప్పటిలా రేడియో మాట రాలేదు. షాపులో ఇంకా అయిదారుగురున్నారు, కాలేజీ పిల్లలు, ఇద్దరు టీచర్లు. ఆయన వాళ్ళ వంక చూడలేదు.

"ఏటీ లేదు. మా యమ్మ మాట మరిసిపోయేను. మా ఆవిడ గురుతు సేసింది. అంతే" అన్నాడు.

సత్తార్ స్టేప్లరు పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇందు క్యారియర్ సర్దుతున్నదల్లా తల ఎత్తింది. ఎవరూ నవ్వలేదు. పరదేశి మాత్రం వంగిన నడుము మెల్లగా నిటారుగా చేసి, ఈయన్ని పైనుంచి కిందకి ఒకసారి చూశాడు.

"మీదే ఊరు?"

"కోటపాడు కాడ."

"మా పిన్నినిచ్చింది ఆ పక్కనే. మరి ఇన్నాళ్ళూ సెప్పవేటి బావా?" అని వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

అమ్మ పోయాక ఈ ఏడేళ్ళలో దేవీప్రసాద్‌ని సారూ అన్నవాళ్ళున్నారు, భాయ్ అన్నవాడున్నాడు. బావా అని పిలిచిన మొదటి మనిషి పరదేశి.